కెమెరాను కొన్నవారు నెగెటివులను అడగలేదు

ఈ టపా చదివి కొందరు మిత్రులు నొచ్చుకోవచ్చు. చేత్తో తిప్పి, కంటితో కొలిచి, ఊపిరి బిగబట్టి ఫొటో తీసే పాత ఫిల్ము కెమెరాల మీద మనవాళ్లలో మళ్లీ మోజు పుట్టింది. ఆ మోజు గురించి రెండు రకాల మాటలు వింటున్నాను. మొదటి రకం వారు "పాత చింతకాయ పచ్చడి! జేబులో ఫోను పెట్టుకుని ఇంకా ఈ రీళ్ల గోల ఎందుకు?" అంటారు. రెండవ రకం వారు ఆ కెమెరాను పూజగదిలో విగ్రహంలా అద్దాల బీరువాలో నిలబెట్టి, దాని ఫొటోను (ఫోనుతోనే తీసి!) పదిమందికి చూపించి, "ఆ రోజులే వేరు" అని నిట్టూరుస్తారు. మొదటివారితో నాది చిన్న తగాదా. రెండవవారితో పెద్ద తగాదా. ఒకప్పుడు నేనూ ఆ రెండవవారిలో ఒకణ్ణి గనుక, ఈ తగాదాలో కొంత భాగం నాతో నాకే.

ముందు చిన్నదాన్ని తీర్చుకుంటాను.

నా దగ్గర ఉన్నది యాషికా మ్యాట్ 124జి. 1970లో వచ్చి 1986 దాకా తయారైన జపాను కెమెరా. రెండు కళ్లుంటాయి. పై కన్ను మనం చూసుకోవటానికి, కింది కన్ను ఫొటో తీయటానికి. మెడలో వేలాడదీసుకుని, తల వంచి, పైనున్న గాజుపలకలోకి చూడాలి. అందులో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనిపిస్తుంది. 120 రీలు వేస్తే పన్నెండు ఫొటోలు. పదమూడవది లేదు. మన ప్రాంతపు స్టూడియోల్లో, పెళ్లిపందిళ్లలో ఒక తరం పాటు అన్నం పెట్టిన కెమెరా ఇది.

సిరిసిల్లలో ఉద్యోగం చేసిన రోజుల్లో దీన్ని పట్టుకుని ఒక సాంచాల షెడ్డుకు వెళ్లాను. (మరమగ్గాలను అక్కడ సాంచాలనే అంటారు.) తెల్లని బట్ట తాను ముందు ఒక కార్మికుణ్ణి నిలబెట్టి, మీటరు చెప్పినట్టే అన్నీ అమర్చి, నాలుగు ఫొటోలు తీశాను. కడిగించి తెచ్చి చూపిస్తే ఆయన తన ముఖం సంగతి పక్కన పెట్టి మొదట బట్టను చూశాడు. "మా బట్ట గింత మాసిందా సారూ?" అన్నాడు. నిజమే. మల్లెపువ్వులాంటి బట్ట బూడిద పూసినట్టు వచ్చింది. తప్పు ఎక్కడుందో తెలుసుకోవటానికి నాకు వారం పట్టింది. మీటరుకు తెలుపు తెలియదు, నలుపు తెలియదు. దాని ముందు ఏది పెట్టినా అది మధ్యరకపు బూడిద రంగే అనుకుని లెక్క చెబుతుంది. తెల్లబట్ట తెల్లగా రావాలంటే, మీటరు చెప్పినదానికన్నా ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుగు ఎక్కువ ఇవ్వాలి. మరుసటి వారం అలాగే ఇచ్చాను. బట్ట తెల్లగా వచ్చింది. ఆయన అప్పుడు తన ముఖం చూసుకున్నాడు.

ఈ కెమెరాల ఆకర్షణ అంటే నా దృష్టిలో ఇదే. తప్పు జరిగితే అది నాది. ఎందుకు జరిగిందో నాకు తెలుస్తుంది, తెలిసినదాన్ని దిద్దుకోగలను. ఫోనుకు ఈ చిక్కు లేదు. అది ఒక్క నొక్కుకు అనేక చిత్రాలు తీసి, వాటిని కలిపి, తనకు తోచినట్టు వండి వడ్డిస్తుంది. బట్ట తెల్లగానే వస్తుంది, కాదనను. ఎందుకు వచ్చిందో మాత్రం నాకు తెలియదు. ముఖం మీది గీతలు పోతే అవి ఎవరి ఆజ్ఞతో పోయాయో అంతకన్నా తెలియదు. స్టూడియోలో కూడా పౌడరు అద్దేవారు, నెగెటివు మీద పెన్సిలుతో మచ్చలు దిద్దేవారు. అయితే ఆ పెన్సిలు పట్టిన చెయ్యి మన కళ్లముందే ఉండేది. "కొద్దిగ తెల్లగ చెయ్యన్నా" అని అడిగేవాళ్లం, "వద్దన్నా" అనీ చెప్పగలిగేవాళ్లం.

రెండవది ఆయుష్షు. 1976 నుంచి 1997 దాకా తయారైన పెంటాక్స్ కె1000, 1982లో వచ్చిన నికాన్ ఎఫ్‌ఎం2, ఇలాంటి వాటిలో బ్యాటరీ మీటరు కోసమే. అది అయిపోయినా షట్టరు పడుతూనే ఉంటుంది. నా యాషికా మీటరుకు కావలసిన పాదరసపు బ్యాటరీలు పర్యావరణానికి హాని అని ఆగిపోయాయి. మీటరు పోయింది, కెమెరా పోలేదు. మండుటెండలో 100 స్పీడు ఫిల్ముకు ఎఫ్ 16, సెకనులో 125వ వంతు. జగిత్యాల కోట బురుజు మీద ఏప్రిల్ మధ్యాహ్నం నిలబడ్డవాడికి ఈ ఒక్క లెక్క కంఠతా వస్తే చాలు. ఇందులో ఉన్నవి పళ్లచక్రాలు, స్ప్రింగులు. వాచీలు బాగుచేసే ఓపిక ఉన్న చేతులు వీటినీ బాగుచేయగలవు. మూడేళ్ల ఫోను పాడైతే అంగడివాడు విప్పి చూడకుండానే "కొత్తది తీసుకోండి" అంటున్న కాలంలో, యాభై ఏళ్ల యంత్రాన్ని విప్పి బిగించగలగటం చిన్న సంగతి కాదు.

ఇక మూడవది. తెలుగులో మనం "ఫొటో దిగాం" అంటాం. ఏటిలోకి దిగినట్టు, బావిలోకి దిగినట్టు! ఆ మాటను పుట్టించింది పన్నెండు ఫొటోల కాలమే అని నా నమ్మకం. దిగటానికి ముందు తల దువ్వుకోవటం ఉంది, ఉన్నవాటిలో మంచి చొక్కా వెతుక్కోవటం ఉంది, "కదలకుండ్రి" అన్న మాటకు కట్టుబడి నిలబడటం ఉంది. ఎదుటివాడు తల వంచి గాజుపలకలోకి చూస్తున్నంతసేపూ ఇవతలివాడు తన బతుకుకు తగిన ముఖం పెట్టుకునే వ్యవధి ఉంది. ఆ వ్యవధి ఫొటోలో కనిపిస్తుంది.

ఇంత చెప్పాను గదా అని "ఆ రోజులే మేలు" అనబోవటం లేదు. ఆ మాట అనేవారిని ఒకటి అడగాలని ఉంది: ఆ రోజుల్లో మీ ఇంట్లో ఎన్ని ఫొటోలున్నాయి? కోరుట్లలో మా ఇంట్లో మూడే ఉండేవి. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించిననాడు దిగినది ఒకటి, మా అక్క పెళ్లిది ఒకటి, బాపు ఒక్కడే కుర్చీలో కూర్చున్నది ఒకటి. బీడీలు చుట్టి సంసారం నడిపిన మా అమ్మ ఒంటరిగా దిగిన ఫొటో ఒక్కటీ లేదు. ఎందుకు దిగలేదని పెద్దయ్యాక అడిగితే "నా మొకానికి పైసలు పెట్టాల్నా?" అన్నది. ఫిల్ము కాలపు సౌందర్యం గురించి ఎవరైనా పాఠం చెప్పబోతే నాకు ఈ మాట గుర్తొస్తుంది. డార్క్‌రూములో ఎర్రబల్బు కింద, గాలి ఆడని గదిలో, హైపోలో నానిన వేళ్లతో ఇరవై ముప్పై ఏళ్లు గడిపినవారెవరూ ఆ రోజులు మళ్లీ రావాలని కోరటం నేను వినలేదు. ఇవాళ ఒక రంగుల రీలు కొని కడిగించాలంటే వెయ్యి రూపాయలు దాటుతుంది. మా కోరుట్ల ఇళ్లలో రాత్రి తొమ్మిదింటికి ఫోను మోగుతుంది, దోహాలోనో దుబాయిలోనో ఉన్న కొడుకు ముఖం తల్లికి కనిపిస్తుంది. ఆ పని ఏ యాషికా చేయలేదు. ఫోనును తక్కువ చేసి మాట్లాడే హక్కు మనకు లేదు.

కాబట్టి కెమెరాను ప్రేమించండి, తప్పులేదు. లోకమూ దానివైపు కాస్త తిరిగింది. 2006 జనవరిలో రెండు తప్ప తన ఫిల్ము కెమెరాలన్నిటినీ ఆపేస్తున్నట్టు నికాన్ ప్రకటించినప్పుడు కథ ముగిసిందనుకున్నాం. మన ఊటీలో 1960లో నెలకొల్పిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్, "ఇందు" పేరుతో మనకు నలుపు తెలుపు ఫిల్మును అందించిన ప్రభుత్వ సంస్థ, దాన్ని మూసేయాలని 2014లో కేంద్రం నిర్ణయించింది. అలాంటిది, 2022లో లైకా తన పాత ఎం6ను మళ్లీ తయారుచేసింది. 2024లో పెంటాక్స్ చేత్తో రీలు తిప్పే కొత్త ఫిల్ము కెమెరాను విడుదల చేసింది. కెమెరా తిరిగి వస్తోంది. తిరిగి రానిది వేరే ఉంది. పెద్ద తగాదా అక్కడ మొదలవుతుంది.

*

2013 వేసవిలో కోరుట్లలో ఒక పాత స్టూడియో మూతపడుతున్నదని తెలిసి వెళ్లాను. యజమానిని చిన్నప్పటినుంచీ కాకా అని పిలిచేవాణ్ణి. నేను వెళ్లేసరికే హైదరాబాదు నుంచి ఎవరో వచ్చి రెండు కెమెరాలు, ఎన్లార్జరు కటకం కొనుక్కుపోయారు. మిగిలిన యాషికాను నేను తీసుకున్నాను. కటకంలో బూజు ఉందా, షట్టరు నెమ్మది వేగాల్లో తడబడుతోందా, తోలు లేచిందా అని అరగంటసేపు కాకాను విసిగించాను. వెనక గదిలో ఐదారు గోనెసంచులు ఉన్నాయి. మూతి కట్టిన తాడు కిందినుంచి నెగెటివుల అంచులు బయటికి వచ్చి ఉన్నాయి. గదంతా పులిసిన వాసన. చూశాను, ముక్కు మూసుకుని బయటికి వచ్చాను. ఆ సంచుల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

2015లో మా చిన్నాయన పోయాడు. 1984లో దుబాయి వెళ్లి, ఇరవై రెండేళ్లు అక్కడే గడిపి, ఒళ్లు గుల్ల చేసుకుని తిరిగొచ్చిన మనిషి. దినాలకు పటం కట్టించాలంటే ఇంట్లో ఫొటో లేదు. ఉన్న ఒక్క ఆల్బమును చెదలు తిన్నది. ఎవరి ఫోనులోనో ఒక పెళ్లి గుంపులో సగం ముఖం ఉంది. చిన్నమ్మ నా వైపు చూసి అడిగింది: "నీ దగ్గర కెమెరా ఉన్నది గద బిడ్డా, మీ చిన్నాయన ఫొటో ఏమన్న తీసినవా?"

తీయలేదు. సాంచాలు తీశాను, కోట గోడలు తీశాను, ధర్మపురి గోదావరి మీద పొద్దు పొడుపు తీశాను.

అప్పుడు గుర్తొచ్చింది, ఆయన పాస్‌పోర్టు ఫొటో కాకా దగ్గరే దిగాడని. పరుగెత్తాను. కాకా అటక మీదినుంచి ఒక పాత రిజిస్టరు దించాడు. ఏడాది, తారీఖు, పేరు, ఊరు, నెగెటివు నంబరు. వేలితో వరుస వెంబడి దిగుతూ పోయి ఒకచోట ఆగాడు. "నంబరు ఉన్నది బిడ్డా. రీలు లేదు." అంతకు ముందు ఏడాదే సంచులన్నీ తుక్కువాడికి కిలోల లెక్కన పోయాయి. "అమ్మే ముందు నాకొక్క మాట చెప్పకపోతివి కాకా" అన్నాను. ఆయన కోపగించుకోలేదు. "కెమెరాలకు ఎంతమంది వచ్చిండ్రో బిడ్డా. నువ్వూ వస్తివి. రీళ్లు ఎవలన్న అడిగిండ్రా?" అన్నాడు.

చివరికి ఓటరు కార్డు మీది ముఖాన్ని పెద్దది చేయించి దండ వేశాం. అది చిన్నాయనలా లేదు. ఇప్పటికీ చిన్నమ్మ ఆ పటానికి ఎదురుగా కూర్చోదు.

*

తుక్కువాడు నెగెటివులను ఎందుకు కొంటాడో అప్పటికి నాకు తెలియదు. నలుపు తెలుపు నెగెటివులో బొమ్మ అంటే సన్నటి వెండి. కడిగాక కూడా ఆ వెండి ఫిల్ము మీదే ఉంటుంది. రంగుల నెగెటివులో కడిగేటప్పుడే వెండి పోయి రంగు మాత్రం మిగులుతుంది. అందువల్ల వెండి కోసం వచ్చేవాడు ముందు పాతవాటినే ఏరుకుంటాడు. ఏ కాలపు ముఖాలకు ఇంకెక్కడా ఆధారం లేదో ఆ కాలమే ముందు కరిగిపోతుంది. ఆ గదిలో పులిసిన వాసన సంగతి కూడా తరువాతే తెలిసింది. వేడికి, చెమ్మకు అసిటేటు ఫిల్ము కుళ్లుతూ విడిచే వాసన అది. "నన్ను తీసుకుపోండి" అని ఆ సంచులు చెప్పగలిగిన ఒకే ఒక పద్ధతిలో చెప్పాయి. నేను ముక్కు మూసుకున్నాను.

మీలో కొందరు, "స్కాన్ చేసి దాచుకుంటే పోలేదా, ఈ ఫిల్ము ముక్కల మీద ఇంత వ్యామోహమా?" అనవచ్చు. స్కాన్ చేయవలసిందే. కానీ మిత్రులారా, ఈ మాట తెలుగులో రాతకోతలు తొలినాళ్లలో కంప్యూటరుకు ఎక్కించిన మనమే అంటే ఎలా? యూనికోడుకు ముందు ఒక్కో పత్రికకు ఒక్కో ఖతి, ఒక్కో సాఫ్టువేరుకు ఒక్కో సంకేతలిపి ఉన్న రోజులు మరిచిపోయామా? 2001లో నేను రాసుకున్న కథ ఒకటి ఫ్లాపీలో భద్రంగా ఉంది. ఆ ఖతి ఇప్పుడు లేదు, ఆ ఫ్లాపీని చదివే పెట్టె లేదు, ఒకవేళ చదివినా తెరమీద కనిపించేవి పిచ్చిగీతలే. 2009లో జియోసిటీస్ మూతపడినప్పుడు ఎన్ని సొంత పేజీలు గాలిలో కలిసిపోయాయో చూశాం. ఎవరో ఉచితంగా ఇచ్చిన జాగాలో ఇల్లు కట్టుకున్నవాళ్లం మనం. ఆ జాగా ఎన్నాళ్లుంటుందో మన చేతుల్లో లేదని మనకన్నా బాగా ఎవరికి తెలుసు? నెగెటివుకు ఖతి అక్కరలేదు, సంకేతపదం అక్కరలేదు. కిటికీ వెలుగుకు ఎత్తి పడితే చాలు, తిరగబడ్డ నలుపు తెలుపుల్లోనైనా సరే, మనిషి కనిపిస్తాడు. అది శాశ్వతమని నేననను. బూజు పడుతుంది, కుళ్లుతుంది, కాలుతుంది. అయినా అది చచ్చే ముందు వాసన వేసి చెబుతుంది. హార్డుడిస్కు చెప్పదు.

ఇందులో మరో అన్యాయం ఉంది. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844-1905) తీసిన గాజు నెగెటివులు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఉండవలసిందే, అది మన అదృష్టం. నవాబుల వేట, దర్బారు, దొరసానుల విందు, అన్నీ చూడగలుగుతున్నాం. మరి సిరిసిల్ల పద్మశాలి ముఖం, కోరుట్ల బీడీ కార్మికురాలి ముఖం, దుబాయి విమానం ఎక్కబోయే ముందు ఒక్కసారి కుర్చీలో బిగుసుకుని కూర్చున్న ఇరవయ్యేళ్ల కుర్రవాడి ముఖం ఎక్కడున్నాయి? 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ యాత్రలో నడిచిన వారు, ఆ ఏడు పెళ్లాడినవారు, ఆ ఏడు బడిలో గ్రూపు ఫొటో దిగిన పిల్లలు, వాళ్ల ముఖాలు ఎక్కడైనా మిగిలి ఉంటే ఫిల్ము మీదే మిగిలి ఉంటాయి. ఆ కాలానికి వేరే పలక లేదు. 2022లో మనకు దూరమైన భరత్ భూషణ్ వంటివారు దశాబ్దాలపాటు తెలంగాణ పల్లె బతుకును కెమెరాలో దాచారు. వారి పనికి పేరు వచ్చింది, రావాలి. పేరులేని స్టూడియోవాళ్లు తమకు తెలియకుండానే అదే పని చేశారు. ఊరూరా ఒక్కో గోనెసంచి నిండా.

అందుచేత కెమెరాల పూజారులకు నా మాట ఇది. ఆ యంత్రం ఎవరి ముందు తల వంచిందో వారిని వదిలేసి యంత్రాన్ని మాత్రం ఎత్తుకుపోవటం ప్రేమ అనిపించుకోదు. కావిడిపెట్టె కోసం వచ్చి, అందులోని కాగితాలను పొయ్యిలో పారబోయటం లాంటిది అది. కటకం మీద బూజు ఉందో లేదో చూడటానికి అరగంట ఉన్న మనకు, రిజిస్టరు ఎక్కడుందో అడగటానికి అర నిమిషం లేకపోయింది.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. మీ ఊళ్లో మూతపడ్డ, మూతపడబోతున్న స్టూడియో ఏదో మీకు తెలుసు. వెళ్లి నెగెటివులను, వాటి రిజిస్టర్లను అడగండి. రిజిస్టరు లేని నెగెటివు పేరు లేని ముఖం, నెగెటివు లేని రిజిస్టరు ముఖం లేని పేరు, రెండూ కలిసి ఉండాలి. పులిసిన వాసన వేసేవాటిని మిగతావాటి నుంచి వేరు చేయండి. ప్లాస్టిక్ సంచుల్లోంచి తీసి కాగితపు కవర్లలో, చల్లని పొడిచోట పెట్టండి. తెల్లని తెర మీద పరిచి మీరు మెచ్చే ఆ ఫోనుతోనే నకలు తీయండి, తిరగేయండి. ఫోనుకూ ఫిల్ముకూ పొత్తు కుదిరే చోటు ఇదే. ఒక్క హెచ్చరిక: దాచటం వేరు, పదిమందికీ చూపించటం వేరు. అవి ఆ ఇళ్లవాళ్ల ముఖాలు. వాళ్లను అడగనిదే జాలంలో పెట్టకండి.

ఏలినవారికి కూడా ఒక మాట. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలయ్యాయి. జిల్లా గ్రంథాలయంలో ఒక్క బీరువా, ఒక్క మనిషి, ఊళ్లవారీగా ఒక జాబితా చాలు. చరిత్ర రాయటానికి కమిటీలు వేసేవారు ముందు తుక్కు దుకాణం దాకా ఒకసారి నడిచి వస్తే బాగుంటుంది.

కాకా తన రిజిస్టర్లు నాకే ఇచ్చాడు. "నంబర్లు నేనేం జేసుకుంట, తీస్కపో బిడ్డా" అన్నాడు. నాలుగున్నాయి. ముఖాలు లేని వేల పేర్లు. అప్పుడప్పుడు తెరిచి ఊళ్ల పేర్లు చదువుతాను, చిన్నాయన నంబరు దగ్గర ఆగి మూసేస్తాను.

మొన్న జగిత్యాలలో ఇంకో స్టూడియో ఎత్తేస్తున్నారని తెలిసి వెళ్లాను. యజమాని కొడుకు నన్ను చూడగానే ఎందుకొచ్చానో గ్రహించినట్టు బల్ల సొరుగు లాగి, "నికాన్ ఉన్నది సార్, చూస్తరా?" అన్నాడు.

"కెమెరా తరువాత. వెనక గది తాళం తియ్యి తమ్మీ" అన్నాను.